చెట్టు కింద చోటు

సియోల్ పాతబస్తీలో, పార్కు వెనక సందులో పుట్టి పెరిగిన మనిషి గ్వాక్ మల్‌సున్. డెబ్బై దాటినా, పొద్దున్నే సందు పొడుగునా ఇళ్లను చూసుకుంటూ నడిచిరానిదే ఆమెకు బార్లీ టీ గొంతు దిగదు. ఏ చూరున పెంకు జారింది, ఎవరి గుమ్మం పీకేసి అద్దం బిగించారు, ఏ గోడకు కొత్త రంగు పడింది, అన్నీ ఆమె కంట పడాల్సిందే. పక్కిల్లు కేకుల దుకాణమైంది. ఎదురిల్లు పట్టుబట్టలు అద్దెకిచ్చే చోటైంది. ఒకప్పుడు ఆ వాకిళ్లలో కూర్చుని కిమ్చీ పచ్చడికి క్యాబేజీ కోసిన ఆడవాళ్లు నది అవతల అపార్ట్‌మెంట్లకు వెళ్లిపోయారు. వెళ్లనివాళ్లకు మిగిలింది పార్కే.

ఆ వసంతంలో ఒకరోజు పార్కులో అడుగుపెట్టేసరికి గింకో చెట్ల కింద రాతి బెంచీలు లేవు. వాటి చోట తడిమట్టి మచ్చలున్నాయి. రోజూ అక్కడ చదరంగం ఆడే ప్యో డొక్‌సు, ఆట పలక చంకన పెట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. కాపలాదారు తక్‌ను నిలదీస్తే, పార్కు అందంగా కనబడాలని తీయించారనీ, ముసలివాళ్లు పొద్దస్తమానం తిష్ట వేస్తున్నారని చూడవచ్చినవాళ్లు ఫిర్యాదు చేశారనీ నసిగాడు.

మల్‌సున్ ఇంటికెళ్లి వంటింటి కుర్చీని నెత్తిన పెట్టుకుని వచ్చింది. కేకుల కోసం వరసకట్టిన కుర్రకారు నోరెళ్లబెట్టి చూశారు. సరిగ్గా బెంచీ ఉన్నచోటే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మామ్మగారూ, ఇక్కడ సొంత సామాను పెట్టకూడదండీ," అన్నాడు తక్.

"సామాను ఎవరు పెట్టారయ్యా? నేను కూర్చున్నా. నా కింద ఏముంటే నీకేం?"

"పైవాళ్లు నన్ను తిడతారు."

"ఆ పైవాళ్లనే రమ్మను. నిలబడే మాట్లాడమను. కాళ్లు ఎంత లాగుతాయో వాళ్లకీ తెలుస్తుంది."

ప్యో నవ్వాపుకోలేక తనూ ఇంటిదారి పట్టాడు. మర్నాటికి కుర్చీలు, పీటలు వచ్చాయి. ఒకావిడ ఖాళీ జాడీ బోర్లించుకుని కూర్చుంది. వారం తిరక్కుండా లారీ వచ్చి అన్నిటినీ ఎత్తుకుపోయింది. తక్ తల వంచుకుని మోయించాడు. ఇక మనవల్ల కాదన్నాడు ప్యో. ఆ పూట కుర్చీ లేక వంటింట్లో నిలబడి అన్నం తింటుంటే మల్‌సున్‌కు ఏడుపొచ్చింది. ఏడుపును మించి కోపమొచ్చింది.

మర్నాడు చాప తెచ్చి నేలమీదే పరిచింది. మోకాళ్లు పట్టేసినా లేవలేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. అద్దె పట్టుబట్టల్లో ఫోటోలకు వచ్చిన పిల్లలు కాళ్లు నొప్పెట్టి వాళ్ల పక్కనే చతికిలపడ్డారు. ఆ ఫోటోలు ఫోన్లలో ఊరంతా తిరిగాయి.

చివరికి పార్కు ఆఫీసువాళ్లు ఒక బెంచీ తెచ్చి వేశారు, గేటు పక్కన, మిట్టమధ్యాహ్నపు ఎండలో. ఎవరూ నడుం వాల్చకుండా నడుమ నడుమ ఇనప కమ్మీలు. అధికారి మల్‌సున్‌ను కూర్చోమని పిలిచాడు. కెమెరా సిద్ధంగా ఉంది. ఆమె కమ్మీ మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే తీసేసింది.

"మీరు కూర్చోండి బాబూ. ఎండ వాలాక వచ్చి చెబుదురుగాని, ఎలా ఉందో," అని చెట్ల కిందికి తిరిగొచ్చేసింది.

ఆ బెంచీ మీద నేటికీ ఎవరూ కూర్చోరు. చాపల వాళ్లను లేపడానికి కూడా ఈమధ్య ఎవరూ రాలేదు. రేపెవరైనా వస్తే ఏం చేద్దామని ప్యో అడిగాడు.

"వస్తే కాస్త జరిగి చోటిద్దాం," అంది మల్‌సున్.