పన్నెండు గంటల కూత

ఉదయం ఏడింటికి నీటిమట్టం చూపే గేజీ మీద నీళ్లు నిండు గీతకు రెండడుగులు కిందున్నాయి. పదకొండున్నరకు ఎనిమిది అంగుళాలే మిగిలాయి. రాత్రంతా పైన ఎక్కడో వాన కొట్టింది. మా దగ్గర చినుకు లేదు. ఎండ కాస్తోంది. వాగు సంగతి తెలియని మనిషికి ఆ ఎండను చూస్తే ఏ భయమూ తోచదు.

మా ఆనకట్ట చిన్నది. బోధన్ దాటాక చెరుకు తోటల మధ్య నుంచి వచ్చే వాగు మీద, అది మంజీరలో కలవడానికి కాస్త ముందు కట్టారు. మధ్యలో ఐదు గేట్లు. ఎడమ పక్క కరెంటు తీసే రెండు మిషన్లు, కుడి పక్క మట్టికట్ట. మట్టికట్ట కింద ముప్పై ఇళ్లు. నీళ్లు నిండు గీత దాటితే మట్టి మీదుగా పారతాయి, పారితే మట్టి నిలవదు. నేను ఇక్కడ లష్కర్‌ని. గేట్లు ఎత్తడం, దించడం, గ్రీజు పెట్టడం, చెత్త లాగడం నా పని. పంతొమ్మిదేళ్లయింది.

పదకొండూ నలభైకి రెండు మిషన్లూ ఒకేసారి ఆగాయి. వరదకు కొట్టుకొచ్చిన చెరుకు ఆకు, గుర్రపుడెక్క కలిసి మిషన్ల ముందున్న ఇనుప జాలీకి పరుపులా పట్టుకున్నాయి. మిషన్ల గుండా పోవాల్సిన నీళ్లు కూడా కట్టకే ఎగబడ్డాయి. మిషన్లు చూసే రవీందర్ సారు నిజామాబాద్‌లోని కంఠేశ్వర్ నుంచి రోజూ బండి మీద వస్తాడు. ఆయనా నేనూ దంతెలు పట్టుకుని పావుగంట పైగా లాగాం. ఒక మోపు తీస్తే రెండు మోపులు వచ్చి పడ్డాయి.

"లింగం, గేజీ సూడు."

"మూడంగుళాలే ఉన్నది సార్."

"ఇడిసిపెట్టు ఇగ. రెండు గేట్లు ఎత్తుదాం. కూత వెయ్యి."

గేటు ఎత్తే ముందు సైరన్ మూడుసార్లు నిడివిగా మోగించాలి. పది నిమిషాలు ఆగాలి. వాగులో ఉన్నవాళ్లు గడ్డకెక్కడానికి ఆ పది నిమిషాలు. నేను పరుగెత్తి బటన్ నొక్కాను. మొదటి కూత లేచింది. అప్పుడు కిందికి చూశాను.

ఆనకట్టకు రెండు ఫర్లాంగుల కింద వాగు నడుమ పీటబండ ఉంది. ఇరవై మంది కూర్చోవడానికి వీలుగా చదునుగా ఉంటుంది. మడమల లోతు నీళ్లు దాటితే ఎక్కొచ్చు. ఆదివారాలు నిజామాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చి అక్కడ కోడి కూర వండుకుంటారు. ఆ రోజూ ఒక కుటుంబం ఉంది. ఎర్రచొక్కా మనిషి, ఆయన భార్య, ఒక చిన్నపిల్ల. కూత వినగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. మంచిదే అనుకున్నాను.

అంతలో గడ్డ మీది పసుపు చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు లేచారు. పదకొండు మంది. నడుములు చేతులతో నొక్కుకుంటూ సద్ది గిన్నెలు అందుకున్నారు. వరుసగా వాగులోకి దిగారు.

గోడ గడియారం వైపు చూశాను. పన్నెండు.

ఇది నేను చేసిన పనే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు దాని కూత ఇక్కడిదాకా వినిపించేది. పన్నెండు కొట్టిందంటే చేలల్లో ఆడవాళ్లు కొడవళ్లు కింద పెట్టేవాళ్లు. ఏ ఆసామీ వద్దనడానికి లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆసామి చెప్పిందే పన్నెండయింది. ఒకనాడు ఆ కూలీల్లో పెద్దామె భూమవ్వ కట్ట మీదికి వచ్చి అడిగింది. "తమ్మీ, నీ దగ్గర కూత ఉన్నది గదా. పొద్దు తిరిగి రెండైనా మమ్ముల తిననిస్తలేరు. జర పన్నెండుకు ఒక్కపారి మోగియ్యి." వారానికోసారి సైరన్‌ని పరీక్షించాలని మాకు రూలు. నేను రోజూ పరీక్షించడం మొదలుపెట్టాను, సరిగ్గా పన్నెండుకు. ఎనిమిదేళ్లు ఒక్కరోజు తప్పలేదు.

పన్నెండుకు ఒక కూత, ప్రమాదానికి మూడు. చెప్పే ఉన్నాను. కానీ ఆకలి మీద ఉన్న మనిషి మొదటి కూతకే లేస్తుంది. రెండోదీ మూడోదీ ఎవరు లెక్కపెడతారు?

రెండో కూత వేశాను. ఆడవాళ్లు బండ ఎక్కారు. మూడోది వేశాను. గిన్నెల మూతలు తీశారు. వాళ్లు నింపాదిగా కూర్చోవడం చూసి నిజామాబాద్ వాళ్లు కూడా తిరిగి కూర్చున్నారు. తర్వాత ఆ కూలీల్లో ఒకామె సవిత చెప్పింది, ఎర్రచొక్కా ఆయన పేరు విష్ణు అట, ఆయన అడిగాడట. "ఏందక్కా ఆ సైరన్?" దానికి భూమవ్వ నవ్విందట. "బువ్వ తినుమని బిడ్డా. కూసో."

నేను కట్ట మీద నిలబడి రెండు చేతులూ ఊపాను. కేకలు వేశాను. సవితకు ఫోను చేశాను. వాగులో సిగ్నల్ అందదు. బండి మీద చుట్టు తిరిగి పోవాలంటే పదిహేను నిమిషాలు.

"సార్, వాళ్లు తినుటానికి దిగిండ్రు. లేస్తలేరు."

"మూడు కూతలేస్తివి గదా?"

"రోజూ పన్నెండుకు ఒకటి వేస్త సార్. గదే అనుకుంటుండ్రు."

రవీందర్ సారు నా ముఖం వైపు ఒక్కసారి చూశాడు. తిట్టలేదు. గేజీ దగ్గరికి పోయి వంగి చూశాడు. "రెండంగుళాలున్నది. ఎత్తకుంటే కట్ట పోతది. ఎత్తితే వాళ్లు పోతరు. ఏం జేద్దామంటవ్?"

కూత ఎంత మోగినా వాళ్లకు అది అన్నమే. వాళ్లు నమ్మేది ఇంకొకటి ఉండాలి. పుట్టినప్పటి నుంచి ఈ వాగులోనే చీరలు ఉతికినవాళ్లు.

"బెత్తెడు ఎత్తుదాం సార్. ఒక్క గేటు."

"పది నిమిషాలు గాకముందే? వాళ్ల మీదికే?"

"బెత్తెడైతే పిక్కలు దాటది. రంగు మాత్రం మారుతది."

 ఆయన వద్దనలేదు. నేను రెండో గేటు బటన్ మీద వేలు పెట్టి, బెత్తెడు లేవగానే తీసేశాను. కింద నుంచి ఎర్రటి నీళ్లు చీల్చుకుని వచ్చాయి. ఇక్కడ వదిలిన నీళ్లు బండ చేరడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఎండాకాలంలో పుల్లలేసి చూసినవాణ్ణి.

మూడు నిమిషాలు కళ్లు ఆర్పలేదు. ముందు నురగ పోయింది, వెనక చెరుకు ఆకు, ఆ వెనక ఎర్రనీళ్లు.

భూమవ్వ బండ అంచున చెయ్యి కడుక్కుంటోంది. చేతిని పైకి తీసి చూసుకుంది. మళ్లీ ముంచింది. మళ్లీ చూసింది. తల తిప్పి ఆనకట్ట వైపు చూసింది. నేను రెండు చేతులూ ఎత్తాను. ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు గానీ, మిగతా పదిమందీ ఒక్కసారే లేచారు. గిన్నెలు అక్కడే వదిలారు. సవిత చిన్నపిల్లను చంకలో వేసుకుంది. విష్ణు భార్య చేయి ఇంకొకామె పట్టుకుంది.

"అంగుళమే!" సారు అరిచాడు.

ఆడవాళ్లు గడ్డకెక్కారు. విష్ణు సగం దాటి వెనక్కి తిరిగాడు. బండ మీద పాటలు పెట్టుకునే డబ్బా ఉంది. దాని కోసం పోయాడు.

"లింగం, మట్టి మీద తడి వస్తున్నది. కట్ట చెమరుస్తున్నది!"

కట్ట కింద ఎవరింట్లోనో కుక్కర్ కూస్తోంది. విష్ణు డబ్బా అందుకుని తిరిగాడు. నీళ్లు పిక్కల మీదికొచ్చాయి. అడుగు తడబడింది. భూమవ్వ గడ్డ దిగి సవిత చెయ్యి పట్టుకుంది, సవిత ఇంకొకామె చెయ్యి. ఒకరి వెనక ఒకరు గొలుసులా నీళ్లలోకి వచ్చారు.

ఇప్పుడు వదిలినా నీళ్లు బండ చేరడానికి మూడు నిమిషాలు. వాళ్లకున్నవి ఆ మూడు నిమిషాలే. మనిషి నీళ్లలో ఉండగానే నేను రెండు గేట్లూ ఎత్తాను. ఒక అడుగు. ఇంకో అడుగు. కాళ్ల కింద సిమెంటు అదిరింది.

ఆ మూడు నిమిషాలు నేను కిందికి చూడలేదని చెబితే అబద్ధం. చూశాను. భూమవ్వ వాడి చొక్కా కాలరు పట్టుకుంది. వాడు డబ్బా వదల్లేదు. ఆమె డబ్బా మీద ఒక్కటి చరిచింది. అది నీళ్లలో పడింది. గొలుసు వెనక్కి నడిచింది. చివరి మనిషి గడ్డ మీద మోకాళ్ల మీద కూలబడింది. అప్పుడు నీళ్లొచ్చాయి. పీటబండ ఉన్నచోట ఎర్రటి నీళ్లు ఉబ్బెత్తుగా లేచి దూకాయి. బండ కనబడలేదు.

గేజీ మీద నీళ్లు ఆగాయి. రవీందర్ సారు కట్ట మీదే కూర్చున్నాడు.

అరగంటకు భూమవ్వ పైకి వచ్చింది. వెనక సవిత. ఇద్దరి చీరలూ నడుముదాకా బురద. సద్ది గిన్నెలన్నీ పోయాయి.

"ఆ పట్నపోడు ఇంక ఏడుస్తుండా?" నేను అడిగాను.

"డబ్బా పోయిందని ఏడుస్తుండు," సవిత అన్నది. "పెండ్లాం వాన్ని మంచిగ తిడుతున్నది. నేను కొన్ని నేర్సుకున్న."

భూమవ్వ నవ్వలేదు. "కూత నువ్వే వేసినవా తమ్మీ?"

"నేనే అక్కా. గేట్ల కోసం వేసిన. మీరు బువ్వకనుకుంటరని తోచలే."

"నీ కూత నమ్మి దిగినం."

"అవునక్కా."

ఆమె గేట్ల కింద దూకే నీళ్ల వైపు తిరిగింది.

"రేపటి నుంచి పన్నెండుకు వెయ్య," అన్నాను. "ఇగ ఈ కూత ఇనబడితే పరుగెత్తుడే. ఊర్లె అందరికీ చెప్పు."

"మరి మాకు బువ్వ యాళ్ల ఎవలు చెప్తరు?" సవిత అడిగింది. "ఆసామి చెప్పేదాక వంగే ఉండాల్నా?"

 సవిత నా నోటివైపే చూస్తూ నిలబడింది.

"లింగం!" గేజీ దగ్గర నుంచి సారు పిలిచాడు. "మళ్లా ఎక్కుతున్నది. మూడో గేటు కూడా ఎత్తాలె."

వాగు మొత్తం కిందిదాకా కళ్లతో వెతికాను. మనిషి లేడు. అయినా సైరన్ దగ్గరికి పోయాను.

"చెవులు మూసుకోండ్రి," అని ఆ ఇద్దరికీ చెప్పి బటన్ నొక్కాను. భూమవ్వ చెవులు మూసుకోలేదు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు.