తెర మీది చెత్తబుట్ట

మా వియ్యంకుడు అడగని సాయం చేసే మనిషి. అలాంటివాళ్లను నేను క్షమించను. ఆయన చేసిన పని చివరికి నష్టం లేకుండానే ముగిసింది. అంతమాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు.

ఆయన టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తీగ ఉన్న వస్తువేదైనా తనకు దగ్గరి చుట్టమే అనుకుంటాడు. నేను లేత్ మిషను మీద ముప్పై నాలుగేళ్లు ఇనుము తరిగినవాణ్ణి. మా ఊరి బడిలో ఎన్ని తరగతులుంటే అన్నే చదివాను. అందుకని ఆయన లెక్కలో నాకేమీ తెలియదు. మా అమ్మాయి ఆయన కోడలు కాబట్టి నోరు మూసుకుంటాను.

ఇంట్లో కంప్యూటరు మా ఆవిడది. ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేసింది. కీబోర్డు వంక చూసేది కాదు. నన్ను తిడుతూ కూడా తప్పు లేకుండా కొట్టేది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక పొద్దున, "మీ సంగతులన్నీ రోజూ రాసిపెట్టాను. నేనుండగా ఎలాగూ వినలేదు, పోయాకైనా చదవండి" అంది. ఎక్కడ రాశావని అడగబోతే నర్సు వచ్చి బయటకు పొమ్మంది. తర్వాత అడగడానికి ఆమె లేదు.

పద్నాలుగు నెలలు వెతికాను. ఆ కంప్యూటరు ముసలిది. స్విచ్చి వేసి, గడ్డం గీసుకుని, టీ పెట్టుకుని వచ్చి కూర్చుంటే అప్పుడు తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే నిద్ర లేచేవి. ఒక ఫోల్డరు నొక్కితే అది తెరుచుకునేలోపు పేపర్లో ఒక పేజీ అయిపోయేది. తీరా చూస్తే పెళ్లి ఫొటోలు. మర్నాడు ఇంకొకటి. అవీ పెళ్లి ఫొటోలే. ఆవిడ రాసింది మాత్రం కనబడలేదు. ఎవరినీ అడగలేదు. అడగడం నాకు చేతకాదు.

వియ్యంకుడు ఆదివారాలు వచ్చి దాన్ని బాగుచేసేవాడు. వేగం పెంచుతుందని ఒక ప్రోగ్రాం ఎక్కించాడు. అది పనిచెయ్యలేదని ఇంకొకటి. ఆ రెంటినీ అదుపులో పెట్టడానికి మూడోది. వచ్చిన ప్రతిసారీ అది ఇంకాస్త నెమ్మదించేది.

ఆ ఆదివారం అమ్మాయి కూడా ఆయనతో వచ్చింది. నేను స్నానానికి వెళ్లాను. ఒంటి మీద తువ్వాలుతో బయటకు వచ్చేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బావగారూ, రోగం దొరికింది! ఇదిగో, ఈ చెత్తబుట్ట. రీసైకిల్ బిన్ అంటారు. ఏళ్ల తరబడి ఎవరూ ఊడ్చినట్టు లేదు. మొత్తం ఖాళీ చేసి పారేశాను. ఇప్పుడు డిస్కు సర్దుతున్నాను. సర్దడం అయ్యాక గుర్రంలా పరిగెత్తకపోతే నన్నడగండి."

వంటింట్లోంచి గిన్నె పడిన చప్పుడు వచ్చింది. అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"మావయ్యగారూ, బిన్ ఖాళీ చేశారా? అమ్మ రాసిందంతా అందులోనే ఉండేది!"

"చెత్తబుట్టలోనా? చెత్తబుట్టలో ఎవరన్నా దాచుకుంటారామ్మా?"

"అమ్మ దాచుకునేది. రోజూ అందులోంచి బయటికి తీసి, ఆ పూటది రాసి, మళ్లీ అందులోనే పడేసేది. 'మీ నాన్న ఇల్లంతా వెతికినా చెత్తబుట్ట జోలికి మాత్రం రాడు, దానికంటే భద్రమైన చోటు లేదు' అనేది."

మా ఆవిడ అన్నది నిజం. మా ఇంట్లో చెత్త నేను ఏనాడూ ముట్టుకోలేదు.

తెర మీద చిన్న చిన్న గళ్లు రంగులు మారుతున్నాయి. సర్దడమంటే అదే అనుకుంటాను. ఇక్కడిది అక్కడ, అక్కడిది ఇక్కడ రాస్తోంది. లేత్ దగ్గర మాకు మొదటిరోజే నేర్పిన పాఠం ఒకటుంది. ఏదైనా తేడా వస్తే ముందు కరెంటు తీసెయ్. ఆలోచన తర్వాత. నేను వంగి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను.

"అయ్యయ్యో బావగారూ! నడుస్తుండగా పీకకూడదు! డిస్కు చచ్చిపోతుంది!"

"చావనివ్వండి. మీరు లేవండి."

ఆయన లేచాడు. నేను అమ్మాయి వైపు తిరిగాను.

"నీకు తెలిసి, ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నాన్న అడిగితేనే చెప్పమంది అమ్మ. మీరు అడగలేదు."

మర్నాడు రిపేరు షాపు తెరవకముందే కంప్యూటరు చంకన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. రిపేరు చేసేది ఒక నడివయసు ఆవిడ. మాటలు తక్కువ. పెట్టె విప్పేటప్పుడు ఒక కాగితం మీద పెట్టె బొమ్మ గీసి, ఏ మూల స్క్రూ ఆ మూల పెట్టింది. అది చూశాక నాకు కాస్త ఊపిరి ఆడింది. మా షాపులో నేనూ అలాగే పెట్టేవాణ్ణి.

జరిగింది చెప్పాను.

"ఖాళీ చేశాక ఎంతసేపు నడిచింది బాబాయ్?"

"నేను స్నానం చేసినంతసేపు. రెండు చెంబులు."

"తర్వాత స్విచ్చి వేశారా?"

"లేదు. ప్లగ్గు పీకేశాను. చచ్చిపోతుందన్నారు."

"మామూలుగా అయితే పీకకూడదు. ఈసారికి మాత్రం మంచిపని చేశారు. చెరిపినంత మాత్రాన పోదు బాబాయ్. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. దానిమీద ఇంకోటి రాస్తేనే పోతుంది. రాసిందో లేదో చూద్దాం."

పాత డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలించింది. దానిమీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, ఉన్నది ఉన్నట్టు ముందు నకలు తీసింది. వెతుకులాట నకలు మీదే, అసలు జోలికి వెళ్లనంది. రెండున్నర గంటలు పట్టింది. నేను స్టూలు మీంచి లేవలేదు. ఆవిడ మధ్యలో ఫ్యానులోంచి దుమ్ము దులిపింది. పిల్లి కూర్చున్నంత దుమ్ము.

చివరికి తెర మీద పేర్ల జాబితా వచ్చింది. పేర్లు కూడా కాదు, అంకెలు. పెద్దదొకటి చూపించి, "ఇది కావొచ్చు. సరిగ్గా వచ్చిందో లేదో తెరిచి చూడాలి" అంది.

"నువ్వు చదవకమ్మా."

"చదవను. మీరే చూడండి." ఆవిడ కుర్చీ గోడ వైపు తిప్పుకుంది.

మొదటి పేజీ కంప్యూటరు కొన్న రోజుది. "ఈరోజు కంప్యూటరు తెచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. తెర బాగుంది. ఆ సంగతి ఆయనకు చెప్పను."

చివరి పేజీకి వెళ్లాను. ఆసుపత్రికి బయల్దేరిన పొద్దుటిది. మధ్యలో ఒక్క రోజు పోలేదు. వందల పేజీలు.

"ఉందా బాబాయ్?"

"ఉంది" అన్నాను. ఆవిడ మంచినీళ్లిచ్చి మళ్లీ గోడ వైపు తిరిగింది. తర్వాత నాకు ఆకలి వేసింది. పద్నాలుగు నెలల్లో వేళకు ఆకలి వెయ్యడం అదే మొదలు.

సాయంత్రంలోగా మిగతా పని ముగించింది. తిరిగే డిస్కు తీసేసి, తిరగని కొత్త డిస్కు పెట్టింది. మెమరీ పెంచింది. వియ్యంకుడి మూడు ప్రోగ్రాములూ తీసేసింది.

"వేగం పెంచేవి మూడు పెట్టుకుంటే, ఇరుకు గుమ్మంలో ముగ్గురు ఒకేసారి దూరినట్టు బాబాయ్. ఎవరు పెట్టారు?"

"చుట్టం" అన్నాను.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను, తప్పదు. పాత డిస్కును కవర్లో చుట్టి, మా ఆవిడ రాసిన దానికి ఇంకో రెండు నకళ్లు తీసి, ఒకటి అమ్మాయి ఇంట్లో ఉంచమని చెప్పింది. ఉంచలేదు. రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఒకటి బీరువాలో, ఒకటి పనిముట్ల పెట్టెలో.

ఇంటికి తెచ్చి స్విచ్చి వేశాను. చెప్పులు విడిచి వచ్చేసరికి తెరుచుకుని ఉంది. గడ్డం గీసుకునే తీరిక కూడా ఇవ్వలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఒక పేజీ చదువుతాను. ఒక్కటే. తొందర లేదు.

పై ఆదివారం వియ్యంకుడు అమ్మాయితో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దొరికిందటగా బావగారూ! నా గుండె బరువు దిగింది. ఇంతకీ చెల్లెమ్మ ఏం రాసింది?"

"మీ గురించి కూడా ఉంది."

ఆయన కూర్చోలేదు. టీ కూడా తాగలేదు. అమ్మాయి వంటింట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన వెళ్లాక దగ్గరకొచ్చి, "నిజంగా ఉందా నాన్నా? నా గురించి ఏముంది? మీ గురించి?" అని అడిగింది.

చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసార్లు అడిగారు. అందులో ఏముందో నేను చెప్పను. ఆ ఆదివారం ఊసు కూడా ఇంకెప్పుడూ ఎత్తను. ఎవరూ నన్ను అడగొద్దు.