జానెడు మట్టి

"నువ్వు మాత్రం దాంట్లో చెయ్యి పెట్టకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అన్నారు మా ఆయన, తాగేసిన కాఫీ కప్పు నా చేతికిస్తూ. "నువ్వు ముట్టుకున్నావంటే ఆదివారానికి మొక్కలన్నీ తలలు వాల్చేస్తాయి. ఆఫీసు వాళ్ళ ముందు నా పరువు పోతుంది."

నవ్వాను. ఈ జోకు ఇరవై మూడేళ్ళుగా వింటున్నాను. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, ఆ తర్వాత తుమ్ములాగా దానంతటదే నవ్వు రావడం మొదలైంది. కప్పు సింకులో పెట్టి, ఆయన లంచ్ బాక్సు మూత బిగించి, వాషింగ్ మెషీన్లో బట్టలు తీసి ఆరేశాను. వీటన్నిటికీ నా చెయ్యి పనికొస్తుంది. మొక్కలకే పనికిరాదు.

ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు వాళ్ళు పాతికమందికి మా ఇంట్లో భోజనాలు. వంట ఎవరిదో ఎవరూ అడగలేదు, అడగాల్సిన విషయం కాదు కనక. ఇంటి పక్కనున్న ఖాళీ జాగా బాగుచేయించి అక్కడ టేబుళ్ళు వేద్దామన్నారు. పెద్ద జాగా ఏం కాదు, నా అడుగులతో ఇరవై పొడుగు, పన్నెండు వెడల్పు. మోకాలెత్తు గడ్డి, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఎప్పుడో ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె, తుప్పు పట్టిన సైకిలు. గోడవారన మాత్రం మా అత్తగారి మల్లెపాదు ఉంది. ఆవిడ పోయి మూడేళ్ళయినా అది గోడంతా అల్లుకుని విరగబూస్తూనే ఉంటుంది. తోటపని చేసే ఒకావిడని పోయిన వారమే పిలిపించాం. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి ఐదు నిమిషాల్లో తోట గీసి చూపించింది. వంపు తిరిగిన దారి, అటూ ఇటూ పూలమడులు, మూలన నిమ్మచెట్టు, దాని పక్కన ఇద్దరు కూర్చునే బల్ల. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని రోజుకి నాలుగుసార్లు చూసుకుంటున్నాను. చూడ్డానికి చేతులతో పనిలేదు కదా.

పెళ్ళయిన కొత్తలో ఆ జాగాలో మొదట గులాబీ నాటాను. నెల తిరక్కుండా ఎండిపోయింది. మందారం పెడితే వానలకి వేళ్ళు కుళ్ళిపోయాయి. నిమ్మమొక్క నాలుగు నెలలు ఆశపెట్టి ఐదో నెలలో ఆకులన్నీ రాల్చేసింది. గొయ్యి తవ్వుతుంటే ప్రతిసారీ బొరిగెకి అడుగున గట్టిగా ఏదో తగిలేది. ఒకసారి ఆయన్ని పిలిచి అడిగాను కూడా. పేపర్లోంచి తల ఎత్తకుండా, "రాయై ఉంటుంది, పక్కన తవ్వు" అన్నారు. పక్కన తవ్వాను. అక్కడ నాటిందీ పోయింది. అలా ఏడేళ్ళు పక్కపక్కనే తవ్వుకుంటూ జాగా అంతా తిరిగొచ్చాను. మా అత్తగారు వరండాలో కూర్చుని, "ఇది తొమ్మిదోది. కొందరి హస్తవాసి అంతే, ఏం చేస్తాం. నా మల్లెపాదు చూడు, నీళ్ళు పోసినా పోయకపోయినా ఎలా ఉందో" అనేవారు. కళ్ళెదుట కనబడుతూనే ఉంది కదా. ఒకే జాగా, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. ఆవిడ పెట్టింది బతికింది, నేను పెట్టింది చచ్చింది. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? నాటడం మానేశాను. జాగాలో గడ్డి పెరిగింది.

మొక్కలతో ఆగి ఉంటే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. నా మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉన్నాను. మా అత్తగారు నా నుదుటి మీద జుట్టు సవరిస్తూ, చాలా మెత్తగా, "చేత్తో నాటిందే నిలవనప్పుడు అనుకున్నానమ్మా" అన్నారు. తిట్టినట్టు అనలేదు, జాలిగా అన్నారు. అందుకే నమ్మాను. తర్వాత అమ్మాయి పుట్టింది. చక్కగా, బొద్దుగా ఉండేది. దాన్ని ఎత్తుకోవాలంటే నాకు భయం. మొదటి స్నానం ఆవిడ చేతే పోయించాను, మొదటి ముద్ద ఆవిడ చేతే పెట్టించాను. జ్వరమొస్తే మందు చెంచాలో పోసుకుని, ఆయన ఆఫీసు నుంచి వచ్చి పట్టేదాకా కూర్చునేదాన్ని. పిల్ల పక్కన మూలుగుతుంటే చేతిలో మందు పెట్టుకుని గంటసేపు ఎదురుచూసిన తల్లిని నేను. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పనక్కర్లేకుండా చేసే స్థితికి వచ్చేశాను. ఇప్పుడది హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పోయిన వారం ఫోన్ చేసి, గదిలో పెట్టుకున్న కుండీ మొక్క చచ్చిపోయిందని చెప్పి, "నాకు అచ్చం నీ చెయ్యే వచ్చిందమ్మా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వే.

తమాషా ఏమిటంటే, నేను బతికేది ఈ చేత్తోనే. రక్తపరీక్షల కేంద్రంలో సూది గుచ్చి రక్తం తీయడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళయింది. చంటిపిల్లలు, మందులు వాడి వాడి నరాలు దొరకని రోగులు, సూది చూడగానే కళ్ళు తిరిగే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు, అందరూ నా వరసలోనే నిలబడతారు. "ఆ అక్క చెయ్యయితేనే" అంటారు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు నా మీద సూపర్‌వైజర్ అయ్యాడు. వాడికి నరం దొరక్కపోతే, "మేడమ్, ఒకసారి మీ చెయ్యి" అని కేకేస్తాడు. ఈ సంగతి ఇంట్లో మురిసిపోతూ చెప్తే మా ఆయన, "రక్తం తీసే చెయ్యి ప్రాణం ఎలా పోస్తుందోయ్" అన్నారు. దానికీ నవ్వాను.

ఆ పొద్దున బట్టలు ఆరేస్తుండగానే తోటావిడ గునపం, పార తీసుకుని వచ్చింది. గడ్డి చెక్కేసింది, చెత్తంతా ఒక పక్కకి లాగింది. నిమ్మచెట్టు కోసమని మూలన గునపం వేసింది. ఠంగుమంది.

"అడుగున ఏదో ఉందమ్మా" అంది.

"రాయై ఉంటుంది, పక్కన తవ్వండి" అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చేసిందో!

పక్కన వేసింది. మళ్ళీ ఠంగుమంది. ఆవిడ నావైపు ఒకసారి చూసి, రెండేసి అడుగులకోసారి గునపం దించుతూ జాగా పొడుగునా నడిచింది. అన్నిచోట్లా అదే చప్పుడు. చివరికి మల్లెపాదు దగ్గర, గోడవారన దించింది. గునపం చప్పుడు లేకుండా సగందాకా దిగిపోయింది. అప్పుడు పార తీసుకుని మధ్యలో మట్టి పక్కకి లాగింది. జానెడు లోతున నున్నటి సిమెంటు గచ్చు బయటపడింది. ఇంకా లాగింది, ఇంకా గచ్చే. కడిగి ఆరబెడితే పిల్లలు ఆడుకునేంత శుభ్రంగా ఉంది.

"మొత్తం గచ్చేనమ్మా. పైన జానెడు మట్టి పోశారు, అంతే. ఇందులో ఏ మొక్క బతుకుతుంది? ఎండకి వేళ్ళు మాడిపోతాయి, వానకి నీళ్ళు పోయే దారి లేక కుళ్ళిపోతాయి. ఇక్కడ ఇదివరకు ఎవరైనా ఏమైనా వేశారా?"

"వేశారు."

"ఎవరమ్మా, పాపం!" అంది.

నేనే అని చెప్పబోతుంటే మా ఆయన షూ వేసుకోడానికి వరండాలోకి వచ్చారు. "ఏమండీ, ఇక్కడ కిందంతా గచ్చుందిట" అన్నాను. ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. ఇద్దరం కలిసి ఆశ్చర్యపోతామనుకున్నాను.

"ఆ, ఉంటుంది కదా. ఇల్లు కట్టకముందు ఇక్కడ గోడౌన్ ఉండేది. దాన్ని పగలగొట్టించడం పెద్ద తలనొప్పని పైన మట్టి పోయించేశాను."

"మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి, నేనేగా పోయించింది!" నవ్వారు. "అమ్మకి చెప్పాను కూడా. గోడవారన రెండడుగులు గచ్చు లేదు, నీ మల్లె అక్కడ పెట్టుకో అని."

"నాకు చెప్పలేదే?"

"నువ్వడగలేదుగా" అన్నారు రెండో షూ లేసు ముడేస్తూ. "ఇప్పుడదంతా ఎందుకు? ఇంకో జానెడు మట్టి పోయించి, కుండీ మొక్కలు తెచ్చి గుచ్చేయమను. ఆదివారం ఒక్కరోజు పచ్చగా కనబడితే చాలు." బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

ఎక్కడ నిలబడ్డానో అక్కడే, ఆ గచ్చు మీద కూర్చుండిపోయాను. తోటావిడ నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. తాగానో లేదో గుర్తులేదు. చెవుల్లో ఒక్కటే మాట, అమ్మకి చెప్పాను, అమ్మకి చెప్పాను. అంటే ఆవిడకి తెలుసు. తొమ్మిదోది అని లెక్కపెట్టినప్పుడూ తెలుసు. ఆస్పత్రిలో నా జుట్టు సవరించినప్పుడూ ఆ చేతికి తెలుసు. ఆయనకి మొదట్నుంచీ తెలుసు. నేను మోకాళ్ళ మీద కూర్చుని తొమ్మిదిసార్లు గోతులు తవ్వుతుంటే వరండాలోంచి చూస్తూ ఉన్నారు. నేను అడిగాను కూడా. రాయై ఉంటుందన్నారు. నా మీద కుట్ర చేశారా అంటే, అదీ లేదు. నాకు దిమ్మ తిరిగింది అందుకే. కుట్రయితే కనీసం నా గురించి ఒక పూట కూర్చుని ఆలోచించి ఉండేవాళ్ళు. ఆయనకి గచ్చు గుర్తుంది, జోకు గుర్తుంది, ఆ రెండిటికీ మధ్య ఒక మనిషి ఉందన్నది గుర్తులేదు. నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాను, ఎవరివో చూసినట్టు. వీటిని నేను నా కూతురి నుంచి దాచాను. జ్వరంతో కాలిపోతున్న పిల్ల నుంచి దాచాను. ఆ గంటలు ఎవరు తెచ్చిస్తారు?

మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నరం తప్పింది. కుర్చీలో ఉన్నది ఎనభై ఏళ్ళ ముసలమ్మ. మోచెయ్యి పక్కన నీలంగా కమిలింది. సూపర్‌వైజర్ కుర్రాడు తల తిప్పి చూశాడు. నేను క్షమించమని అడగబోతుంటే ఆవిడే నా మణికట్టు పట్టుకుని, "నీ తప్పేం లేదమ్మా, నా నరమే దొంగది, లోపలికి జారిపోతుంది. ఇంకోసారి చూడు" అంది. దూది అక్కడే వదిలేసి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎంత చిన్న మాట అది! పరాయి మనిషి అర నిమిషంలో అనేసింది. ముఖం కడుక్కుని తిరిగొచ్చి ఆవిడ రెండో చేతికి రబ్బరు పట్టీ బిగించి చూశాను. ఒక్క గుచ్చుకే వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో మట్టి లోడు దిగి ఉంది. ఆయనే తెప్పించారు. పక్కన పూలు విచ్చుకున్న ఇరవై మొక్కలు, అన్నీ నల్ల సంచుల్లోనే, ఆదివారం దాకా బతికితే చాలన్నట్టు. నేను బ్యాగు కూడా దించకుండా తోటావిడకి ఫోన్ చేశాను. "గచ్చు పగలగొట్టే మిషను రేపు పొద్దున్నే తీసుకురండి. నేను సెలవు పెడుతున్నాను, నేనూ పట్టుకుంటాను" అన్నాను.

మా ఆయన టీవీ సౌండు తగ్గించారు. "నీకేమైనా పిచ్చా? ఆదివారం భోజనాలు! ఆ రాళ్ళగుట్టలో పాతికమందిని ఎక్కడ కూర్చోబెట్టాలి?"

"హోటల్లో కూర్చోబెట్టండి. వంట కూడా అక్కడే. నాకు తోటపనుంది."

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా? పోనీ, సారీ. సరేనా? చెప్పడం మర్చిపోయాను, అంతే కదా!"

నేను నవ్వలేదు. ఆయన నా మొహం వంక చూస్తూ కాసేపు ఆగారు, నవ్వు కోసం. అది రాకపోయేసరికి రిమోట్ ఎక్కడ పెట్టారో వెతుక్కున్నారు.

జాగాలోకి వెళ్ళి, బయటపడ్డ గచ్చు మీద చెప్పులు విప్పి నిలబడ్డాను. పగలంతా కాగిన వేడి ఇంకా అరికాళ్ళకి తగులుతోంది. అమ్మాయికి ఫోన్ చేశాను.

"చచ్చిపోయిన మొక్క ఉందే, ఆ కుండీ పారేశావా?"

"లేదు, కిటికీలోనే ఉంది. ఏమైందమ్మా, గొంతు అదోలా ఉంది?"

"కుండీ తిరగేసి చూడు. అడుగున చిల్లు ఉందా?"

కుర్చీ జరిపిన చప్పుడు, మట్టి రాలిన చప్పుడు వినిపించాయి.

"లేదమ్మా" అంది. "మూసేసి ఉంది. నీళ్ళన్నీ లోపలే ఉండిపోయాయి."

"నీ చెయ్యి మంచిదే" అన్నాను. "నాదీ మంచిదే. వేరే కుండీ తెచ్చుకో, ఇంకో మొక్క పెట్టుకో. ఇంకో మాట విను. ఎప్పుడైనా, ఎక్కడైనా, అడుగున గట్టిగా తగిలిందనుకో, ఎవరు చెప్పినా సరే పక్కకి జరగకు. అదేంటో కంటబడేదాకా అక్కడే తవ్వు."