పాస్టరమ్మ మొక్కు

గురువారం స్త్రీల కూడిక, శుక్రవారం రోగుల ఇళ్లు, శనివారం చర్చి ఊడ్చడం, ఆదివారం వచ్చినవాళ్లందరికీ మొక్కజొన్న పిండి సంకటి, న్సిమా, వండి వడ్డించడం. జోంబా కొండ కింద పాస్టరమ్మ తమాండా బతుకంతా ఇదే. వీటికి తోడు మొగుడి ఉపవాసాలు కూడా ఆమెవే.

పెళ్లిలో ఏకశరీరమని ప్రార్థన చేసిన రోజు నుంచి, పాస్టరు కచాలే మొక్కిన ప్రతి మొక్కూ ఆమె ఒంటిమీద పడేది. ఆయన ఉపవాసం ప్రకటిస్తే ఆమెకు ముద్ద దిగదు. ఆయన మాత్రం ప్రార్థనకు బలం కావాలంటూ చేపల కూరతో సుష్టుగా తినేవాడు. ఇది సంఘమంతా ఎరిగిందే. పెళ్లన్నాక అంతేగా అనుకున్నారు.

కిందటి కరువులో వాన కోసం ఆయన పట్టిన ఉపవాసానికి ఆమె కడుపులో బిడ్డ పోయింది. వానా పడలేదు. ఈ ఏడు మళ్లీ మొక్కజొన్న ఎండుతోంది, ఆమెకు మళ్లీ నెలలు నిండుతున్నాయి.

“ఈసారి వద్దండీ,” అంది తమాండా.

“సంఘమంతా నావైపే చూస్తోంది. సేవలోకి వచ్చాక నా ఇల్లు, నా బిడ్డ అనుకుంటే ఎలా?”

“మాడేది నా కడుపు కదా, మీకేం?”

ఆయన నొచ్చుకుని, ఆదివారం ప్రసంగంలో ఉపవాసం ప్రకటించి తీరతానన్నాడు.

ప్రసంగానికి ముందు స్త్రీలు సాక్ష్యాలు చెబుతారు. కూడిక తెల్లజాకెట్లు వేసుకున్న ఆడవాళ్ల మధ్య తమాండా లేచింది. ఇన్నేళ్లలో తన పేరున ఒక్క మొక్కూ మొక్కలేదు, ఆ తీరికేదీ ఆమెకి?

“ఈ బిడ్డ పుట్టేదాకా నోరు విప్పనని మొక్కుకుంటున్నాను,” అని కూర్చుంది.

పాస్టరు బైబిలు తెరిచాడు, నోరూ తెరిచాడు. మాట రాలేదు. సంఘపెద్దలు మోకరించారు. బైబిల్లో దూతను చూసిన జెకర్యాలా మా పాస్టరుగారు మూగబోయారని ఊరూరా చెప్పుకున్నారు. పక్క సంఘాలవాళ్లు లారీలెక్కి ఆయన్ను చూడడానికి వచ్చారు. మొక్కినావిడ మాట్లాడుతూనే ఉందేమని ఎవరూ అడగలేదు. వాళ్లందరికీ ఆమే వండింది. చాకిరీ ఈమెది, పేరు ఆయనది. అయినా పొయ్యి దగ్గర కూర్చుని కడుపునిండా తింది.

ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా. మంత్రసాని జావ కలుపుతుండగానే బయట పాస్టరుగారి గొంతు లేచింది.

“ఈ కృపకు కృతజ్ఞతగా, ఈ రోజు మొదలు నేను...”

తమాండా మంత్రసాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నువ్వే సాక్షివి. చచ్చేదాకా నోరు విప్పను.”

బయట మాట తెగిపోయింది. స్తోత్రం, స్తోత్రం అని పెద్దలు ఏడుస్తున్నారు.

“ఇక ప్రసంగం ఎవరు చెబుతారు పాస్టరమ్మా?” అంది మంత్రసాని మెల్లగా.

“ఎవరో ఒకరు చెబుతార్లే. ఆ జావ ఇటివ్వు, పిల్లకు పాలు పడాలి.”