సీసా మీద గీతలు

మందుల కొట్టులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. "చెంచాతో కాదమ్మా, మూతతో కొలవండి" అని వచ్చినవాళ్లందరికీ పాఠాలు చెప్పిన నోరు నాది. గువ్వ మందు సీసాకి కూడా నా చేత్తోనే కాగితం ముక్క అంటించి, ఏ రోజుకి ఎంత మందు మిగలాలో తెలిసేలా రోజుకొక గీత గీశాను.

గువ్వ మా అక్క కూతురు, మూడేళ్లది. వాళ్ల ఇల్లు తగలబడిన రోజు అక్క దాన్ని కిటికీలోంచి బయటికి అందించి, తను లోపలే ఉండిపోయింది. అప్పటినుంచి లైటర్ టక్కుమన్నా కేకే, కన్ను మూతపడినా కేకే. మూడు నెలలైంది. మా ఆయన బస్సు డ్రైవరు. నిద్రలేక ఒకసారి రెడ్ సిగ్నల్ దాటించేశాడు. మళ్లీ అలా జరిగితే స్టీరింగ్ ముట్టుకోనివ్వం అన్నారు డిపోలో. పక్కవాటా వాళ్లు గోడ మీద బాదీ బాదీ చేతులు నొప్పెట్టి మానేశారు.

"మూడేళ్ల పిల్లకి భయం మందుతో పోదు" అని పిల్లల మానసిక డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. "వారం వారం తీసుకురండి. ఆడుకుంటూ తనే బయటపెడుతుంది. ఈ సిరప్ కాస్త నిద్ర పట్టడానికే. రోజుకి ఒక్కసారి, అంతకుమించి చుక్క కూడా వెయ్యొద్దు."

నాకా చెబుతోంది అని ఒళ్లు మండింది.

ఇవాళ మధ్యాహ్నం మందు వేసి నేను స్నానం చేసొచ్చినా పిల్ల అరుపు ఆపలేదు. గోడకి తల కొట్టుకుంటోంది. మా ఆయన చెవులు మూసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. నాకు బతుకు మీద విరక్తి పుట్టింది. ఇంకో మోతాదు పోసేశాను. సీసాలో మందు గీత కిందికి దిగితే నీళ్లు కలిపి సరిచేశాను.

పడుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. హాయిగా అనిపించింది, చెప్పడానికి సిగ్గేస్తోంది.

సాయంత్రం లేపితే లేవలేదు. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది.

ఆసుపత్రిలో "మందు ఎంత వేశారు?" అని డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడగ్గానే మా ఆయన సీసా తీసి చూపించాడు. మందు సరిగ్గా గీత మీద ఉంది.

"లెక్క ప్రకారమే ఉందే. గోడకి కొట్టుకుందన్నారుగా, తలకి స్కాన్ తీయిద్దాం" అందావిడ.

చెబితే పిల్లని మా దగ్గర ఉంచరు. చెప్పకపోతే అసలు పిల్లే ఉండదు.

"స్కాన్ కాదండీ. నేను ఇంకో మోతాదు పోశాను. నీళ్లు కలిపి గీతకి తెచ్చాను."

మా ఆయన నావైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను.

"నేనూ పోశానే" అన్నాడు. "నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు. నీకు తెలిస్తే చంపేస్తావని నీళ్లు కలిపాను."

డాక్టరమ్మ మమ్మల్ని తిట్టడానికి కూడా ఆగలేదు. మంచం తోసుకుంటూ లోపలికి పరిగెత్తింది.

తలుపు బయట నిలబడ్డాం. లోపల ఏ చప్పుడూ లేదు. మూడు నెలలుగా దేవుణ్ణి మేం అడిగింది ఇదే.

"అరవవే నా తల్లీ" అంటున్నాడు మా ఆయన, తలుపుకి నుదురు ఆనించి. "చెవులు చిల్లులు పడేట్టు అరవవే."

నేను పక్కనే చెవి ఆనించి వింటున్నాను.