ఎనోసా రాయి తెరిచిన రోజు

ఎనోసా సమాధి రాయి బియ్యం బస్తాలతో, గ్యాసు సిలిండర్లతో పాటు సరుకుల బార్జి మీద వచ్చింది. దళసరి ప్లాస్టిక్ పట్టా చుట్టి, పైన తాళ్ళు బిగించి ఉంది. సైలాస్ దాన్ని ట్రాక్టరు మీద శ్మశానానికి చేర్చి, దిమ్మ మీద నిలబెట్టి, చుట్టూ ఇసుక పోసి, అందరి ముందూ తెరిచే రోజు దాకా ఎవరికీ కనపడకుండా ఆ పట్టా మీదే పువ్వుల గుడ్డలు ఒకదాని మీద ఒకటి కప్పేశాడు.

"సిమెంటు పెట్టవేం?" అని అడిగింది అతని పెళ్ళాం నోరా. ఎనోసాకి ఆమె సొంత చెల్లెలు.

"తెరిచిన తరవాత పెడతాలే."

"తెరిచిన తరవాత తింటావు. తిన్న తరవాత పడుకుంటావు. నాకు తెలీదా నీ సంగతి? పోనీ పేరు సరిగ్గా చెక్కారో లేదో అయినా చూశావా?"

"చూళ్ళేదు. చూడను కూడా. చెల్లెమ్మ చూడకముందు రాయి మీద మా బావ మొహం నేను చూస్తానా?"

చెల్లెమ్మ అంటే కెజియా, ఎనోసా భార్య. కాస్త దూరంలో బాదం చెట్టు కింద కూర్చుని ఉంది. మా దీవిలో చావు జరిగిన ఇంటివాళ్ళు పని ముట్టరు. గొయ్యి తవ్వడం దగ్గర్నుంచి రాయి నిలబెట్టడం దాకా అన్నీ వియ్యం అందుకున్నవాళ్ళే చూసుకోవాలి. జీవితమంతా చేపలు తోమి, కొబ్బరి కోరి, పదిమందికి వండిన మనిషికి అలా చేతులు కట్టుకుని కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

"అన్నయ్యా, ఇసుకైనా నన్ను పొయ్యనివ్వు."

"నువ్వు కూర్చో. నీ వంతు పని తెరిచిన రోజు ఉంది."

ఆ పని తలుచుకుంటేనే కెజియాకి భయమేసేది. గుడ్డలన్నీ తీసి రాయి తెరవగానే, ఆ ఇంటి పెద్ద సమాధి దగ్గర నిలబడి అందరి ముందూ విశ్వాస ప్రమాణం చెప్పాలి. ఆ తరవాతే నల్లబట్టలు విప్పడం, విందు, నాట్యం. ఎనోసా పోయాక ఆదివారం ఆరాధనలో ఆమె మిగిలిన ప్రమాణమంతా చెప్పేది. "శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను" అన్న చోటికి వచ్చేసరికి నోరు మూతపడేది. దేవుడి మీద కోపం లేదు. వాదించలేదు. ఆస్పత్రిలో చల్లబడిపోయిన ఎనోసా చెయ్యి గుర్తొచ్చేది, మాట రాయిలా అడ్డం పడేది. అంతే.

అందుకే రాయి తెరవడం వాయిదా వేస్తూ వచ్చింది. ఒక ఏడు కూతురి పురుడంది. ఒక ఏడు తుఫాను రోజులంది. ఆరాధనలో పక్కన నిలబడే నోరాకి అసలు సంగతి తెలుసు. తెలిసినట్టు ఒక్కనాడూ కనపడనివ్వలేదు. ఆ మాట వచ్చే చోట తన గొంతు మాత్రం కాస్త పెంచేది.

రాయి వచ్చిన దగ్గర్నుంచి కెజియా సాయంత్రాలు దాని దగ్గరికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. ప్రార్థనకి కాదు, తిట్టడానికి.

"పడవ ఇంజను తాళంచెవి ఎక్కడ పెట్టి పోయావు? వల అంతా ఎలకలు కొట్టేశాయి. నీ చెల్లెలి మొగుడు నన్ను చీపురు కూడా పట్టనివ్వడం లేదు. నీకేం, హాయిగా పడుకున్నావు!"

జూలై ఒకటో తేదీన వెలుగు వచ్చిన పండగ చేసుకున్నాం. పూర్వం మా తీరానికి సువార్త పట్టుకుని పడవలో వచ్చిన ఉపదేశకుల వేషం కట్టి, ఆ రోజు మళ్ళీ పడవ దిగుతారు. ఎప్పుడూ ఎనోసాయే బైబిలు ఎత్తి పట్టుకుని దిగేవాడు. ఈసారి సైలాస్ దిగాడు, మోకాటిలోతు నీళ్ళలో కాలు జారి కూలబడ్డాడు. బైబిలు పట్టుకున్న చెయ్యి మాత్రం పైనే ఉంది.

"పుస్తకం తడవలేదు కదా, చాలు!" అని అరిచింది నోరా ఒడ్డు మీంచి. "మనిషిదేముంది, ఆరేస్తే ఆరతాడు!"

కెజియా కూడా నవ్వింది. నవ్వుతూనే మర్నాడు రాయి తెరిచే సంగతి తలుచుకుంది.

మర్నాడు పొద్దున్నే విందు వంటకి భూమిలో గొయ్యి తవ్వి, కాల్చిన రాళ్ళ మీద పంది మాంసం, పెండలం, చేమదుంపలు పేర్చి, అరటాకులు, గోనె గుడ్డలు కప్పి, పైన మట్టి పోశారు. అందరూ శ్మశానానికి నడిచారు. ఫాదర్ ఎలామ్ ప్రార్థన చేశారు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో గుడ్డ తీశారు. చివరికి ప్లాస్టిక్ పట్టా మిగిలింది. సైలాస్ చాకుతో తాళ్ళు కోసి లాగాడు.

రాయి మీద నవ్వుతున్న ఫొటో ఉంది. గుబురు మీసాల కుర్రాడు. ఎనోసా కాదు.

సైలాస్ రాయి ముందుకి వచ్చి చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు, వెనకవైపు బావ ఉంటాడేమో అన్నట్టు.

"అబియా" అని పేరు చదివారు ఫాదర్. "పడమటి దీవిలో పెద్ద రొయ్యల కోసం సముద్రంలో మునిగి చనిపోయిన కుర్రాడు. రెండు రాళ్ళూ ఒక్కచోటే చెక్కించారు. దారిలో ఎక్కడో తారుమారయ్యాయి."

"నాదే తప్పు" అన్నాడు సైలాస్. "ఒక్కసారి పట్టా విప్పి చూస్తే సరిపోయేది. చెల్లెమ్మా, నా మొహం నీకెలా చూపించను?"

కెజియాకి ముందు కలిగింది సంతోషం. ఇవాళ ఆ మాట చెప్పక్కర్లేదు. ఆ వెంటనే ఇంకోటి తట్టింది.

"వాళ్ళు తెరిచేది ఎప్పుడు?"

"శనివారం" అంది నోరా. "ఊళ్ళోవాళ్ళందరి ముందూ గుడ్డ తీసేసరికి మా అన్నయ్య కనపడతాడు."

"ఫోను చెయ్యండి."

"పండగ ముందు గాలికే టవరు పడిపోయింది వదినా."

"అయితే నేను వెళ్తాను."

"నువ్వా? నువ్వు పని ముట్టకూడదు కదా!"

"ఇది పని కాదు నోరా. కబురు."

సైలాస్ రాయి చుట్టూ ఉన్న ఇసుక తోడేశాడు. సిమెంటు పెట్టకపోవడం వల్ల అది తేలిగ్గానే లేచింది. బద్ధకస్తుణ్ణి చేసుకున్నందుకు దేవుడికి స్తోత్రం అంది నోరా, పైకే. వంట గొయ్యి తెరిచి వేడివేడి మాంసం, దుంపలు ఆకుల్లో కట్టి, సైలాస్ చేపల పడవలో రాయి పక్కన పెట్టారు. మిగిలింది ఊరంతా కూర్చుని తిన్నారు, వండింది పారెయ్యలేం కదా.

కెజియా, సైలాస్ పడమటి దీవి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అబియా భార్య మెలోరా రేవు దగ్గరే ఇంట్లో ఉంది. పాతికేళ్ళు దాటి ఉండవు. నల్ల గౌను, చంకలో చిన్నపిల్ల. కెజియా మెట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. మెలోరా నోరు తెరుచుకుని వింది. తరవాత లేచి వాళ్ళని సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది.

గుడ్డలు కప్పి ఉన్న ఎనోసా రాయి చుట్టూ తెల్ల ఇసుక పరిచి ఉంది, గవ్వలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఆ పొద్దునే కోసిన మందారాలు గాజు సీసాలో ఉన్నాయి.

"అయితే నేను రోజూ పూలు పెట్టింది మీ ఆయనకా అక్కా?"

"నేను రోజూ తిట్టింది మీ ఆయన్నమ్మా. తాళంచెవి ఎక్కడ పెట్టావని."

మెలోరా పకపక నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కెజియా పిల్లని అందుకుంది. ఎరగని దీవిలో, ఎవరో ఎరగని ఆడపిల్ల, తన మొగుడికి ఇన్నాళ్ళూ నీళ్ళు మార్చి పూలు పెట్టింది.

"ఈ పిల్లకి అక్క ఒకతి ఉందక్కా" అంది మెలోరా కళ్ళు తుడుచుకుని. "రాయి తెరిస్తే నాన్న బయటికొస్తాడా అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలీక ఊరుకుంటున్నా."

"ఇప్పుడే రాడని చెప్పు. లేస్తాడని కూడా చెప్పు. ప్రభువు లేచాడు కాబట్టి వీళ్ళూ లేస్తారని చెప్పు."

"నీకు నిజంగా నమ్మకమేనా?"

సైలాస్ అటు తిరిగి, రాయి కట్టే తాళ్ళు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు.

"మూడేళ్ళుగా నా నోట ఆ మాట రాలేదమ్మా" అంది కెజియా నెమ్మదిగా. "గుడిలో అందరూ అంటుంటే పెదాలు బిగబట్టుకుని నిలబడేదాన్ని. ఇప్పుడు నీకు చెప్తుంటే అబద్ధమాడుతున్నట్టు లేదు. నీకు చెప్పడానికే దాచిపెట్టుకున్నానేమో, నాకేం తెలుసు."

మెలోరా ఆమె భుజం మీద తల ఆనించింది.

రాళ్ళు మార్చారు. అబియాని అతని దిమ్మ మీద నిలబెట్టాక, సైలాస్ ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని గుడ్డలు కప్పబోయాడు. "కళ్ళు తెరువు అన్నయ్యా, సరైనవాడేనా చూసుకో!" అని గదిమింది కెజియా. మెలోరా పిల్లలిద్దర్నీ తీసుకుని వాళ్ళతో పాటు పడవెక్కింది. ఇన్నాళ్ళు పూలు పెట్టిన మనిషి మొహం తనూ చూస్తానంది.

మర్నాడు మళ్ళీ గుమిగూడాం. విందు సగం అయిపోయిందని ఎవరూ మానలేదు. సైలాస్ పట్టా లాగాడు. ఎనోసా పెళ్ళిలో నవ్వినట్టే నవ్వుతూ కనిపించాడు, పైపన్ను ఒకటి లేకుండా.

కెజియా ముందుకొచ్చింది. ప్రమాణానికి ముందు వాళ్ళకి వీళ్ళకి కృతజ్ఞత చెప్పడం మా పద్ధతి. గొయ్యి తవ్వినవాళ్ళకి చెప్పింది. వండినవాళ్ళకి చెప్పింది. గుడిలో ఆ మాట దగ్గర గొంతు పెంచి తనని కాచుకున్న నోరాకి చెప్పింది. నోరా తల దించుకుంది. "బావ మొహం ముందుగా చూడనన్న సైలాస్ అన్నయ్యకి. చూసి ఉంటే నేను ఆ రేవుకి వెళ్ళేదాన్ని కాదు" అంది. సైలాస్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తరవాత ప్రమాణం మొదలుపెట్టింది. ఒక పక్క నోరా, ఇంకో పక్క మెలోరా. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరా అలవాటుగా గొంతు పెంచబోయి ఆగిపోయింది.

"శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను" అంది కెజియా, అందరికీ వినపడేలా.

మెలోరా పెద్దపిల్ల తల్లి గౌను పట్టి లాగింది. "అమ్మా, ఈయన కూడా లేస్తాడా?"

"లేస్తాడు" అంది కెజియా ఆ పిల్ల వైపు వంగి. "లేవగానే ముందు ఆ తాళంచెవి సంగతి అడుగుతా."

నవ్వులు పూర్తికాకుండానే నోరా మొగుడి వైపు తిరిగింది.

"ఇంకేం చూస్తున్నావు? పోయి సిమెంటు కలుపు."