గొట్టానికి కాపలా

మగ్దలేనమ్మ దగ్గరుండి సత్తవ్వ చేతులను మోచేతుల దాకా సబ్బుతో రుద్దించింది. వేళ్ల సందులు మరిచిపోవద్దంది. డయాలసిస్ వార్డు గుమ్మం దాటాలంటే ఎవరికైనా ఇదే ఆచారం. ఆయాగా చేరిన నాటి నుంచి మగ్దలేనమ్మ పని నేల తుడవడం, పక్కబట్టలు మార్చడం, కడుక్కోని చేతులను వాపసు పంపడం. పొట్టి మనిషి, బ్లీచింగుకు పాలిపోయిన గోళ్లు. ఇంట్లో భర్త వెస్లీ చేతులు చూపించనిదే కంచంలో అన్నం పడదు. చర్చిలో ఆమెతో చెయ్యి కలపడానికి జనం వెనకాడతారు. కలిపిన వెంటనే ఆమె నల్లా దగ్గరికి పోవడం అందరూ చూశారు.

లోపల సత్తవ్వ భర్త అంకయ్య పడుకుని ఉన్నాడు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇన్నాళ్లూ ఆయన మెడలోని గొట్టం గుండానే నెత్తురు మిషన్లోకి పోయి శుభ్రమై వచ్చేది. పోయిన వానాకాలం జ్వరమొస్తే కాలనీలో ఇంటింటా మిగిలిన గోలీలు అడిగి తెచ్చుకుని, తగ్గినరోజు మానేసి, పెరిగినరోజు ఇంకో రకం మింగాడు. చివరికి మందులకు లొంగని క్రిమి నెత్తురులో తేలింది. ఎట్లాగో బతికించారు. గొట్టం దగ్గర మళ్లీ సోకితే ఇవ్వడానికి మందు లేదని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు గొట్టానికి బదులు చేతి రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా పనిచేస్తోంది. ఇవాళ కూడా సాఫీగా నడిస్తే గొట్టం తీసేస్తారు.

సత్తవ్వ మంచం దగ్గరికి వచ్చి కొంగుముడి విప్పింది. కొండగట్టు అంజన్న సిందూరం. గొట్టం మెడలోకి దిగే చోట పెడతానని మొక్కుకుందట. మగ్దలేనమ్మ మధ్యలో నిలబడింది.

"నీ దేవుడు కాదనే గద అడ్డమొస్తున్నవ్?" అంది సత్తవ్వ.

"మొన్న మా పాస్టరయ్య ప్రార్థన నూనె తెస్తే గా గుమ్మంల్నే ఆపిన. గిప్పటికీ నాతోని మాట్లాడ్త లేడు. మీ అంజన్న నాకు పగోడా, అక్కా?"

జర మెల్లగా కొట్టుకోండని, పెరిగేది తన బీపీ అని అంకయ్య కళ్లు మూసుకునే అన్నాడు.

కొత్త ఆటోకు పెట్టినట్టు మిషన్‌కు బొట్టు పెట్టమని చివరికి మగ్దలేనమ్మే దారి చూపింది. సత్తవ్వ వంగి మిషన్ చక్రానికి సిందూరం పెట్టి, కొబ్బరికాయ కొట్టే జాగా కోసం చుట్టూ చూసింది. మగ్దలేనమ్మ ఆమెను మళ్లీ నల్లా దగ్గరికి తోలుకుపోయింది.

హెడ్‌సిస్టర్ మహేశ్వరి చక్రాన్ని చూసి ఎవరి పని అని అడిగింది. తనదేనంది మగ్దలేనమ్మ. సిస్టర్ ఆమె మెడలోని సిలువను ఒకసారి చూసి, తడిగుడ్డ చేతికిచ్చింది.

"తుడుస్త సిస్టర్. ఆమె పోయినంక."

మధ్యాహ్నానికి మిషన్ ఆగింది. జ్వరం లేదు. గొట్టం తీసి మెడకు చిన్న పట్టీ వేశారు. ఇక కాలనీ పక్కనున్న డయాలసిస్ కేంద్రానికే పోవచ్చని చెప్పారు. సాయంత్రం అంకయ్య లేచి కూర్చుని, మెడను అటూ ఇటూ మెల్లగా తిప్పి చూసుకున్నాడు.

"ఇన్నొద్దులు గుమ్మం దిక్కు నీ మొఖమే చూసుడాయె, చెల్లె. ఇగ అటుదిక్కు గూడ జూస్త."

"చూడు అన్నా. చేతులు కడుక్కొని చూడు."

వాళ్లు వెళ్లాక మగ్దలేనమ్మ పక్కబట్టలు తీయడానికి వచ్చింది. అంకయ్య ఇంటి నుంచి తెచ్చుకున్న తలదిండు మంచం మీదే ఉండిపోయింది, గొట్టం లేని వైపే ఆయన ఒరిగి ఒరిగి, ఒక పక్కనే లోతుగా గుంట పడి.